చెవుల తాత వెతుకులాట

ఆకురాయి ఆఖరిసారి పళ్ళ మీదుగా జారింది. చెవుల తాత బిగింపు వదులుచేసి తాళంచెవిని బయటికి తీశాడు. ఉఫ్ మని పొట్టు ఊదాడు. పాత చెవినీ కొత్త చెవినీ వీపూ వీపూ ఆనించి కిటికీ వెలుతురుకి పట్టాడు. రెండింటి మధ్యా ఎక్కడా సందు లేదు. బొటనవేలితో పళ్ళని ఒకసారి తడిమి బల్ల మీద పెట్టి, "పట్టుకెళ్ళండి. తలుపు వద్దని మొరాయించినా తెరుచుకుంటుంది," అన్నాడు.

బల్లకి అవతల నిలబడ్డావిడ ఏదో అడిగింది.

"అవునవును," అన్నాడు తాత.

ఆవిడ మొహం చిట్లించుకుని వెళ్ళిపోయింది. రేపు కొట్టు ఉండదా అని అడిగింది పాపం. కొట్టు రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది. ఆదివారం పూట కూడా తెరిచి కూర్చున్న మనిషి సోమవారం ఎందుకు మూస్తాడు? కానీ ఆయనకి వినపడితేగా!

వినపడదు. కుడిచెవి పూర్తిగా పోయి చాలా కాలమైంది. ఎడమచెవికి లారీ హారన్ లాంటివి లీలగా తగులుతాయి. ఈ సంగతి వీధి మొత్తానికి తెలుసు. వీధికి తెలుసన్న సంగతి తెలియనిది తాత ఒక్కడికే. ఎదుటివాళ్ళ పెదవులు చూసి సగం పోల్చుకుంటాడు, మిగతా సగం ఊహిస్తాడు. ఊహ కూడా అందనప్పుడు తన దగ్గరున్న మూడు జవాబుల్లోంచి ఒకటి తీసి ఇస్తాడు. అవునవును, అలాగే, చూద్దాంలే. లోకంలో ఎవరు ఏది అడిగినా వీటిలో ఏదో ఒకటి అతుకుతుందని ఆయన ధీమా. చాలాసార్లు అతికేది కూడా. "ఏమన్నారు?" అని మాత్రం ఎవరినీ అడగడు. ఆ మాట అడగడమంటే ఆయనకి చొక్కా విప్పి నడివీధిలో నిలబడినంత నామోషీ.

పేరు చూస్తే చెవుల తాత! తాళంచెవులు చేస్తాడు కాబట్టి పిల్లలు పెట్టిన పేరది. పెద్దవాళ్ళు మేస్త్రీ అంటారు. వయసులో ఉండగా భుజాన ఒక చెక్కపెట్టె వేసుకుని ఈ వీధిలోకి వచ్చాడు. ఇప్పుడు ఆయన చెయ్యి పడని గుమ్మం ఈ చుట్టుపక్కల లేదు. కొట్టు అంటే ఒక బీరువాకి తలుపు తీసినంత ఉంటుంది. వెనక గోడ నిండా మేకులు, మేకుల నిండా పళ్ళు కొయ్యని ఖాళీ చెవులు. బల్లకి ఒక చివర బిగింపు, రెండో చివర ముక్కాలిపీట. ఆ పీట భార్యది.

చెవి డాక్టరు దగ్గరికి వెళ్దామని భార్య ఎన్నిసార్లు ఎత్తినా ఆయనది ఒకటే మాట. "ఊరందరికీ చెవులు చేసిపెట్టే మనిషిని. నా చెవులే పోయాయని బోర్డు కట్టుకోమంటావా?" చెవిలో ఇల్లు కట్టుకుని పోరదామంటే ఆ చెవి పనిచెయ్యదాయె. అందుకని ఆవిడ పద్ధతి మార్చింది. ముక్కాలిపీట మీద కూర్చుని దిండుగలీబులు కుట్టుకుంటూ, వచ్చినవాళ్ళు అన్న మాటనే తన మాటలా ఆయన మొహంలోకి చూసి మళ్ళీ అనేది. "బీరువా తాళమట, లోపల విరిగిపోయిందట, విన్నారా?" "విన్నాలే, నాకేం చెవుడా?" అని కసిరేవాడు ఆయన. ఆవిడ తలొంచుకుని నవ్వుకునేది. కూతురు ఫోను చేసినా అంతే. ఆవిడ మాట్లాడాక ఈయన అందుకుని, "బాగున్నావా, పిల్లలు బాగున్నారా, సరే, పెట్టేస్తున్నా," అని ఒక్క గుక్కలో చెప్పి పెట్టేసేవాడు. కూతురికి అలవాటైపోయింది. కష్టంగానే ఉండేది, కానీ అలవాటైపోయింది.

వాళ్ళక్క కాలు విరిగితే చూసుకోవడానికి ఆవిడ వారం క్రితం వెళ్ళింది. ఇవాళ సాయంత్రం బస్సుకి వస్తుంది. ఈ జరిగిందంతా ఆవిడ లేని ఆ వారంలోనే జరిగింది. ఉంటే జరిగేదే కాదు.

ఎదురు మేడ కింది వాటాలో రెండు జడల పిల్ల ఒకతె ఉంది. దానికో పిల్లి. బూడిదరంగు కాబట్టి పేరు బూడిద. పిల్లి మెడలో దారానికి ఒక ఇత్తడి గంట ఉండేది. అది మోగినప్పుడల్లా ఇంట్లో పసివాడు నిద్ర లేస్తున్నాడని వాళ్ళమ్మ ఆమధ్య తాత దగ్గరికి తెచ్చింది. తాత పట్టకారుతో ఒక్క గుంజు గుంజి గంట నాలుక ఊడబెరికాడు. పిల్ల అలిగితే, "గంటే మూగబోయింది, పిల్లి నాలుక క్షేమంగానే ఉంది," అని నవ్వించాడు. ఆ పిల్లి గురువారం నుంచీ కనబడటం లేదు. ఈ ఆదివారం సాయంత్రమే వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి వేరే ఊరు వెళ్ళిపోతున్నారు. వాళ్ళ నాన్నకి బదిలీ అయింది, లారీ మాట్లాడేశారు. ఈలోగా దొరక్కపోతే పిల్లిని వదిలేసి వెళ్ళడమే.

పిల్ల వీధిలో గుమ్మం గుమ్మం తిరిగింది. కాలుగాలిన పిల్లిలా పిల్ల తిరుగుతుంటే పిల్లి జాడ మాత్రం లేదు. ఇక మిగిలింది చెవుల తాత. పోయిన తాళంచెవిని చిటికెలో పుట్టించే మనిషికి పోయిన పిల్లిని వెతకడం ఒక లెక్కా అని పిల్లలందరూ అనుకున్నారు. శుక్రవారం బడి నుంచి వస్తూ గుంపుగా వచ్చి బల్ల ముందు నిలబడ్డారు.

"తాతా, పిల్లిని వెతికిపెడతావా?" అంది రెండు జడల పిల్ల.

తాత ఆ పెదవుల వంక చూశాడు. ఏడుపు దిగమింగుతున్న పెదవులు సరిగ్గా కదలవు. ఆయనకి అందింది ఇది: "తాతా, పిల్లలకి వెతుకులాట పెడతావా?"

ఆహా! తాత ఒళ్ళు ఝల్లుమంది. ఒకప్పుడు సాయంత్రమైతే ఈ బల్ల చుట్టూ పిల్లలే ఉండేవాళ్ళు. ఆయన పొడుపుకథ వేసేవాడు, వాళ్ళు విప్పేవాళ్ళు. చెవులు మొరాయించాక, వాళ్ళు సరిగ్గా విప్పినా వినపడక, "తప్పు, మళ్ళీ చెప్పు," అనడం మొదలుపెట్టాడు. సరిగ్గా చెప్పినా తప్పే అంటుంటే ఏ పిల్లలు నిలబడతారు? ఒక్కొక్కళ్ళే జారుకున్నారు. పిల్లలకి ఇప్పుడు ఇలాంటివి నచ్చడం లేదని భార్యతో అన్నాడు తప్ప, లోపల చాలా బాధపడ్డాడు. అలాంటిది ఇన్నాళ్ళకి వాళ్ళంతట వాళ్ళే వచ్చి అడుగుతున్నారు.

"పెడతాను. ఎందుకు పెట్టనూ! ఆదివారం మధ్యాహ్నం అందరూ రండి. నేను జాడలు పెడతా, మీరు పట్టుకోండి. దొరికేదాకా వదిలేది లేదు!"

పిల్ల మొహం వెలిగిపోయింది. జాడలంటే పిల్లి జాడలే కదా మరి. "నిజంగా దొరుకుతుందా తాతా?"

"అవునవును," అన్నాడు తాత. ఆసారీ జవాబు చక్కగా అతికింది. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ రాత్రీ మర్నాడూ ఆయన బుర్రలో వేరే ఆలోచన లేదు. తాళాల అట్టపెట్టెలు చింపి, ముక్కలు సమంగా కత్తిరించి, ఒక్కో ముక్క మీదా ఒక్కో పొడుపు రాశాడు. ఒక జాడలో రెండో జాడకి దారి ఉండాలి, మరీ తేలిగ్గా ఉండకూడదు, అలాగని పిల్లల కాళ్ళు పీకేలానూ ఉండకూడదు. చివర్న దొరికే నిధికి ఒక రేకుడబ్బా పెట్టాడు. అందులో ఈలలు, బొంగరాలు, బిస్కెట్లు పోసి ఒక చిన్న తాళం వేసి కొట్టులో బల్ల కింద దాచాడు. ఇంత మంచి పథకం వేసినవాణ్ణి నేనింకెవరినీ చూడలేదు అనుకున్నాడు. ఆయనకి తనమీద నమ్మకం ఎప్పుడూ తక్కువ కాదు.

ఆదివారం పొద్దున ఆ తాళంచెవి ఆవిడ వెళ్ళిపోయాక, అట్టముక్కలు జేబులో వేసుకుని బయల్దేరాడు. ఒకటి తపాలాపెట్టె వెనకాల అంటించాడు. రెండోది దర్జీ చేతికిచ్చి, కిటికీలో వేలాడే చొక్కా జేబులో పెట్టమన్నాడు.

దర్జీ నోట్లో గుండుసూదులు తీసి, "ఒక్క పిల్లి కోసం ఇంత హడావుడా మేస్త్రీ?" అన్నాడు.

"పిల్లల కోసం కాకపోతే ఇంకెవరి కోసం చేస్తాం?" అన్నాడు తాత.

ఈయన మనసు ఎంత పెద్దదో అనుకుని దర్జీ ఆ చొక్కాకి లేని జేబు కూడా ఒకటి కుట్టిపెట్టాడు.

ఆఖరి జాడ కోసం తాత వీధి చివరికి నడిచాడు. అక్కడ మూతపడ్డ అచ్చాఫీసు, దాని వెనకాల ఒక గోదాం. గోదాం గోడకి ఆనుకుని పిండిమర. మర తిరుగుతుంటే పక్కన నిలబడ్డవాళ్ళు కూడా ఒకరినొకరు అరుచుకోవాలి. ఆదివారం కాబట్టి ఇవాళ మర లేదు. వీధి చివరంతా నిశ్శబ్దంగా ఉంది. తాతకి ఏ రోజైనా ఒకటే.

గోదాం తలుపుకి ఉన్న తాళంకప్ప ఆయన గురువారమే బిగించింది. మామూలు కప్ప కాదది. లోపలి మీటలు తీసి, అరగదీసి, వరస మార్చి మళ్ళీ కూర్చాడు. అచ్చాఫీసు యజమాని ఊరెళ్ళే హడావుడిలో ఉండి, "గట్టిగా ఉంటుందా మేస్త్రీ?" అని రెండుసార్లు అడిగాడు. "దీన్ని విప్పే మొనగాడు ఇంకా పుట్టలేదు, నాతో సహా," అన్నాడు తాత. పక్కన మర హోరెత్తుతుండగా తలుపు లాగి, గొళ్ళెం పెట్టి, కప్ప నొక్కి, గుంజి చూసుకుని గర్వంగా వచ్చేశాడు. రెండు తాళంచెవులూ యజమాని జేబులో ఊరెళ్ళిపోయాయి. ఇప్పుడు ఆ కప్పని ఆప్యాయంగా ఒకసారి నిమిరి, ఆఖరి అట్టముక్కని దారంతో దానికి కట్టాడు.

మధ్యాహ్నం ఎండ తగ్గుతుండగా పిల్లలు వచ్చారు. తాత అనుకున్న దానికన్నా ఎక్కువమందే వచ్చారు. ఒకడి చేతిలో బుట్ట, ఒకడి చేతిలో దుప్పటి, ఒక పిల్ల గిన్నెలో పాలు పట్టుకొచ్చింది.

"పాలెందుకర్రా?" అన్నాడు తాత.

"దొరకగానే తాగిస్తాం," అంది ఆ పిల్ల.

"అలాగే, అలాగే," అన్నాడు తాత. ఆటలో అలిసిపోతే తాగడానికి కాబోలు, ఎంత ముందుచూపు అని మెచ్చుకున్నాడు. ఎదురు మేడ ముందు లారీ అప్పటికే ఆగి ఉంది. మంచాలు, బల్లలు ఎక్కిస్తున్నారు. రెండు జడల పిల్ల అటు ఒకసారి, తాత చేతిలో అట్టముక్క వైపు ఒకసారి చూసింది. మొదటి జాడ దానికే ఇచ్చాడు.

"ఎంతమంది చెప్పుకున్న మాటలైనా మింగుతాను, ఒక్కటీ బయటికి అనను," అని చదివింది. పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. "పిల్లి అక్కడ దాక్కుందని తాతకి తెలుసురా! జాడ రాసిపెట్టాడు!" అని బుట్ట పట్టుకున్నవాడు కేకవేశాడు. అంతే, తపాలాపెట్టె వైపు పరుగో పరుగు.

తాత చేతులు వెనక్కి కట్టుకుని తాపీగా వెంట నడిచాడు. పిల్లలు ఆటని ఇంత ప్రాణం పెట్టి ఆడటం ఆయన ఎన్నడూ చూడలేదు. తపాలాపెట్టె కింద దూరి చూశారు, పైకెక్కి చూశారు. అట్టముక్క దొరికితే ఎగిరి గంతేశారు. "చేతులున్నాయి, వేళ్ళు లేవు. మెడ ఉంది, తల లేదు. ఎవరో ఒకరు దూరితే తప్ప నిలబడలేను," అన్నది చదివి దర్జీ కొట్టు మీద పడ్డారు. దర్జీ గుడ్డల కుప్పలన్నీ తిరగేశారు. అట్టముక్క చొక్కా జేబులో ఉంటే కుట్టుమిషను కింద ఎందుకు వెతుకుతున్నారో తాతకి అర్థంకాలేదు. ఉత్సాహం అనుకున్నాడు.

మూడోది పిల్ల హడావుడిగా చదివింది. లారీలోకి కుర్చీలు కూడా వెళ్ళిపోయాయి మరి.

"కప్పనే కానీ గెంతను. నా చెవి ఎవరి జేబులోనో ఉంటుంది. అది దొరికితే తప్ప నోరు తెరవను. ఈ వీధిలో నాకన్నా కొత్త కప్ప లేదు."

"కప్ప! కప్ప!" అని అందరూ కుళాయి దగ్గర మడుగు వైపు పరిగెత్తారు. బురదలో కాళ్ళు పెట్టి రాళ్ళెత్తి చూస్తున్నారు. తాత పడీపడీ నవ్వాడు. కళ్ళల్లో నీళ్ళొచ్చేంత నవ్వాడు. ఇలాంటి పొడుపు వేసి ఇలా నవ్వడానికి తను ఎన్నేళ్ళు ఎదురుచూశాడు! రెండు జడల పిల్ల మాత్రం బురదలోకి దిగలేదు. తాత కొట్టు మీద వేలాడే తాళాల బొమ్మ వైపు చూస్తూ నిలబడింది.

"చెవి... కప్ప... తాళంకప్ప!" అని అరిచింది.

ఆ మాట మాత్రం తాతకి పెదవుల మీద స్పష్టంగా కనబడింది. "శభాష్!" అని తొడ చరిచాడు. ఇన్నాళ్ళకి ఒక పిల్ల విప్పిన పొడుపుకి ఆయన తప్పు అనలేదు.

కొత్త తాళం ఎక్కడుందో పిండిమర పిల్లవాడికి తెలుసు. అందరూ గోదాం దగ్గరికి వచ్చిపడ్డారు. పిల్ల దారం విప్పి అట్టముక్క తీసింది. ఆయాసంతో గొంతు రాక మనసులోనే చదువుకోసాగింది. మిగతావాళ్ళు దాని భుజాల మీంచి తొంగిచూస్తూ నోరుమూసుకుని నిలబడ్డారు. గురువారం నుంచీ వాళ్ళు వీధి వీధంతా వెతికారు, కానీ వెతికినంతసేపూ బూడిదా బూడిదా అని అరుస్తూనే వెతికారు. నోరుమూసుకుని నిలబడటం ఇదే మొదలు.

తాత వాళ్ళ మొహాలు చూస్తున్నాడు. పొడుపు ఎంత బాగుందో చూద్దామని. అందరి తలలూ ఒక్కసారి తలుపు వైపు తిరిగాయి. పాల పిల్ల గిన్నె కింద పెట్టేసింది. ఒకడు తలుపుకి చెవి ఆనించాడు. మరుక్షణం అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. నోళ్ళు, చేతులు, గంతులు. రెండు జడల పిల్ల రెండు పిడికిళ్ళతో తలుపు బాదుతోంది.

"అవునవును," అన్నాడు తాత. "ఆ అట్ట సరిగ్గా చదవండి. నిధి ఇక్కడ కాదు, మా కొట్టులో."

ఎవరూ కదల్లేదు. రెండు జడల పిల్ల వచ్చి ఆయన చొక్కా పట్టుకుని కిందికి లాగింది. తాత వంగాడు. పిల్ల మొహం ఆయన మొహానికి ఎదురుగా ఉంది.

"పిల్లి," అంది. "లోపల. మా పిల్లి."

పిల్లలు కాదు, పిల్లి. తాత ఆ పెదవుల్నే చూస్తుండిపోయాడు. పాలు, బుట్ట, దుప్పటి, కుట్టుమిషను కింద వెతుకులాట, దర్జీ అన్న మాట, శుక్రవారం ఆ ఏడుపు మొహం. అన్నీ ఒక్కొక్కటే వచ్చి వాటి చోట్లలో పడ్డాయి. ఆయన తలుపు దగ్గరికి వెళ్ళి చెవి ఆనించాడు. ఏమీ లేదు. అరచెయ్యి ఆనించాడు. చెక్కలోంచి సన్నగా, ఆగి ఆగి, కింద ఎక్కడో గోళ్ళు గీకుతున్నట్టు అరచేతికి తెలిసింది.

గురువారం తను తలుపు లాగి కప్ప నొక్కినప్పుడు కూడా ఇది లోపలే ఉంది. అప్పుడు దానికి గొంతు బాగానే ఉండి ఉంటుంది. అరిచే ఉంటుంది.

పిల్లలు ఆయన ఏమంటాడా అని చూస్తున్నారు. పిల్లి ఇక్కడుందని తాతకి ముందే తెలుసని, తాత ఎంత గొప్పవాడని వాళ్ళ మొహాల్లో రాసి ఉంది. అవునవును అంటే సరిపోయేది. ఈ వీధి ఆయన్ని జీవితాంతం నెత్తిన పెట్టుకునేది కూడా.

"నాకు చెవులు వినపడవర్రా," అన్నాడు తాత.

ఎవరూ నవ్వలేదు.

"శుక్రవారం మీరేం అడిగారో నాకు వినపడలేదు. ఆట అడిగారనుకున్నా. మొన్న గురువారం ఈ తాళం వేసింది నేనే. ఇది లోపల అరుస్తుంటే వేశాను. నాకు తెలీలేదమ్మా." చేతులు ప్యాంటుకి తుడుచుకుని, "సరే, ఏడ్చింది చాలు. ఎవరైనా పరిగెత్తి నా పెట్టె పట్రండి," అన్నాడు.

పెట్టె వచ్చింది. తాత గుమ్మం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని రెండు సన్నటి ఇనప పుల్లలు తీశాడు. ఒకదాన్ని వంచి కప్ప నోట్లో పెట్టాడు. చెవులున్న రోజుల్లో మీట లేచినప్పుడు టక్ మనే చప్పుడు కోసం తాళానికి చెవి ఆనించేవాడు. ఆ తర్వాత ఆ టక్ వేళ్ళకి నేర్పుకున్నాడు. మొదటి మీట లేచింది. రెండోది లేచింది. మూడోది లేస్తుంటే మొదటిది పడిపోయింది. ఎవరు పెట్టారీ దిక్కుమాలిన మీట ఇక్కడ అని తిట్టుకున్నాడు. పెట్టింది తనే.

లారీ హారన్ కొట్టింది. అది తాత ఎడమచెవికి లీలగా తగిలింది. పిల్ల వాళ్ళ నాన్న వీధి చివరికి వచ్చి చెయ్యి ఊపుతూ నిలబడి, ఇక్కడి సంగతి చూసి ఊపడం మానేశాడు. పగలగొట్టేద్దామా అన్నట్టు దర్జీ ఒక సుత్తి తెచ్చి చూపించాడు.

"పగలగొడితే యజమాని దగ్గర నేను కోసిన కోతలన్నీ ఏమైపోవాలి?" అన్నాడు తాత. "కాసేపు ఆగండి. ఈ కప్ప తాత చేతిలో పుట్టింది."

మళ్ళీ మొదటి మీట నుంచి మొదలుపెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. చెమట కనుబొమల మీంచి కారుతున్నా తుడుచుకోలేదు. ఇన్నేళ్ళలో ఆయన ఎన్నో తాళాలు విప్పాడు. కొన్ని డబ్బాలవి, కొన్ని దుకాణాలవి, ఒకసారి స్నానాలగదిలో ఇరుక్కుపోయిన కొత్త పెళ్ళికూతురి గది తాళం. ఏదీ ఇంత ప్రాణం మీదికి తేలేదు. ఆఖరి మీట వేలికింద ఊపిరి పీల్చినంత కదిలింది. పుల్ల తిప్పాడు. కప్ప నోరు తెరిచింది.

"నాతో సహా అన్నాను," అని గొణిగాడు తాత. "అబద్ధమాడాను."

బూడిద రంగు వస్తువొకటి తలుపు సందులోంచి సాలీడు గూళ్ళతో సహా బయటికి వచ్చి, పిల్ల ఒళ్ళో పడి, గిన్నెలో పాలు వాసన చూసి, అప్పుడే తాగాలనిపించక మళ్ళీ పిల్ల ఒళ్ళో దూరింది. గొంతు పోయింది, చిక్కిపోయింది, కానీ కాళ్ళూ తోకా అన్నీ ఉన్నాయి. పిల్లలు వేసిన కేకకి పిండిమర మీద పావురాలన్నీ లేచిపోయాయి. ఆ లేవడం చూసి తాత కేక ఎంత పెద్దదో తెలుసుకున్నాడు.

కొట్టులో రేకుడబ్బా విప్పారు. బిస్కెట్లు అక్కడికక్కడే అయిపోయాయి. లారీ ఇంజను మొదలైంది. వాళ్ళమ్మ పసివాణ్ణి ఎత్తుకుని ముందు ఎక్కింది, బుట్టలో పిల్లిని ఎక్కించారు. రెండు జడల పిల్ల ఎక్కబోయి, ఆగి, బుట్టలో చెయ్యి పెట్టి ఏదో విప్పి, పరిగెత్తుకుంటూ కొట్టుకి వచ్చింది. అది ఇత్తడి గంట, నాలుక లేని గంట. బల్ల మీద దారపుకండె తీసుకుని గంటని తాత కళ్ళకి ఎదురుగా వేలాడేలా బల్ల పక్క గుంజకున్న మేకుకి కట్టింది. దారం రెండో కొసని బల్ల అంచు దాటించి, వచ్చినవాళ్ళ చేతికి అందేలా వేలాడదీసింది. తర్వాత తాత వైపు తిరిగి ఏదో అంది. మళ్ళీ ఏడుపు ముంచుకొస్తోంది కాబోలు, పెదవులు సరిగ్గా కదల్లేదు.

అవునవును అన్నది ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"ఏమన్నావమ్మా?" అన్నాడు. "మళ్ళీ చెప్పు."

పిల్ల కళ్ళు తుడుచుకుంది. ఒక్కో మాటా విడివిడిగా అంది. "ఇది మోగదు తాతా. ఊగుతుంది."

దారం కొస పట్టుకుని ఒకసారి లాగి చూపించింది. తాత తల ఊపాడు. ఆ తల ఊపడం మామూలుది కాదు, అర్థమై ఊపింది. చేతిలో మిగిలిన ఆఖరి ఈల పిల్ల చేతిలో పెట్టాడు. లారీ మలుపు తిరిగే దాకా పిల్లలు దాని వెంట పరిగెత్తారు, తర్వాత ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఎదురు మేడ కింది వాటా తలుపులు తెరిచి ఉన్నాయి, లోపల గోడలు మాత్రమే ఉన్నాయి.

తాత కూర్చుని బిగింపు తుడిచాడు. పొడుపులు రాసిన అట్టముక్కలు పోగుచేశాడు. ఆకురాయి దులిపి సంచిలో పెట్టాడు. సోమవారం యజమానికి ఫోను చెయ్యాలి, తలుపుకి కప్ప మళ్ళీ వెయ్యాలి, అంతకుముందు లోపల ఏ చప్పుడూ లేదని ఎవరినైనా తోడు తీసుకెళ్ళి విని చెప్పమనాలి. ఈసారి అది అడగడానికి ఆయనకి నామోషీగా అనిపించలేదు. అలా అనిపించకపోవడమే కాస్త వింతగా ఉంది.

కళ్ళ ముందు గంట ఊగింది.

తాత తల తిప్పాడు. బస్సు దుమ్ముతో, చంకలో సంచితో, భార్య నిలబడి ఉంది. చేతిలో దారం కొస. ఇదేమిటో చూద్దామని లాగినట్టుంది.

"ఏమన్నావ్?" అన్నాడు తాత.

ఆవిడ సంచి కింద పెట్టింది. ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. ఈ ఇంట్లో ఆ మాట విని ఎన్నేళ్ళయిందో ఆవిడకే తెలుసు.

"ఇంకా ఏమీ అనలేదండీ," అంది.

"అయితే అను. కూర్చుని మెల్లిగా అను," అని ముక్కాలిపీట ముందుకు జరిపాడు. ఆవిడ కళ్ళు ఒత్తుకుని పీట మీద కూర్చుంది. ఇద్దరి మధ్యా మేకుకి, నాలుక లేని ఇత్తడి గంట ఇంకా ఊగుతూనే ఉంది.